నేను తుడిచేసిన ఈగ

నా ఉద్యోగం ఏంటో మా మామగారికి చివరిదాకా అర్థం కాలేదు. పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తంటాడు?" అని ఆయన అడిగితే, మా నాన్న "వ్యవసాయ ఆఫీసులో పురుగుల..." అని మొదలుపెట్టి, దగ్గొచ్చి ఆగాడు.

"పురుగుమందుల షాపా? మంచిదే, మావైపు మిరప చేలెక్కువ, గిరాకీ బాగుంటది" అన్నాడాయన సంతోషంగా.

మందులు కాదు, బొమ్మలు అని మా నాన్న సర్దిచెప్పేసరికి కాఫీలు చల్లారిపోయాయి.

జీతమిచ్చి మరీ పురుగుల బొమ్మలు వేయిస్తారంటే నమ్మటం ఎవరికైనా కష్టమే. కానీ నేను నరసరావుపేటలో ముప్పై ఏళ్లు చేసిన పని అదే. ఏ పురుగు ఏ మొక్కను తింటుందో, గుడ్డుగా ఉన్నప్పుడు ఎట్టా ఉంటుందో, రెక్కలొచ్చాక ఎట్టా ఉంటుందో బొమ్మ వేసివ్వాలి. దాన్ని అచ్చు వేయించి రైతులకు పంచుతారు. రైతు దాన్ని ఇంటికి తీసుకెళ్లి బియ్యం డబ్బా కింద పరుచుకుంటాడు. ఇదీ నా కళాజీవితం.

ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. నేను బాగా వేసిన బొమ్మల గురించి మాట్లాడటానికి రిటైర్మెంటు సన్మానం రోజున దండలు పట్టుకుని చానామంది వచ్చారు, వాళ్లు మాట్లాడేశారు. ఇది నేను పాడుచేసిన బొమ్మ సంగతి.

మా ఆఫీసు స్టోరు గదిలో ఒక పాత రేకు పెట్టె ఉండేది. మా స్టోర్ కీపరు దాని మీద కాళ్లు చాపుకుని పేపరు చదివేవాడు. పెద్దవాడు, మంచివాడు, రిజిస్టరంటే భక్తి. ఆ పెట్టెలో పాత బొమ్మలున్నాయని ఎవరో అంటే నేను వెళ్లి అడిగాను.

"అన్నా, ఆ పెట్టె ఒకసారి తెరుస్తావా?"

"ఏ పెట్టె?"

"నీ కాళ్ల కింద ఉందే, అది."

ఆయన కాళ్లు తియ్యకుండానే చెప్పాడు. "ఇది రిజిస్టర్లో లేదు."

"లేకపోతే ఏందన్నా, ఎదురుగా కనపడతంటే?"

"రిజిస్టర్లో లేనిది స్టోర్లో ఉండదు. లేనిదాన్ని నీకు తెరిచి ఎట్టా చూపించేది?"

ఈ వాదనకు జవాబు నాకు పదేళ్లు దొరకలేదు. చివరికి వానే జవాబు చెప్పింది. ఒక ఏడాది పెంకులు కారి గది తడిసింది. పెట్టెను పక్కకు జరుపుదామని ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఎత్తితే, తాళం తాళంగానే ఉంది, తుప్పు పట్టిన అడుగు మాత్రం ఊడి కింద పడింది. దాంతోపాటు అట్టలకు అమర్చిన నలభై దాకా బొమ్మలు.

నేను నేలమీదే కూర్చుండిపోయాను.

మా ఊళ్లల్లో మొలిచే మొక్కలే, వాటి మీద పాకే పురుగులే. జిల్లేడాకు మీద చారల పురుగు, సగం కొరికిన పత్తికాయ, ఆముదపు ఆకును జల్లెడ చేసిన గొంగళి. రంగు ఫొటోలు లేని కాలంలో ఎవరో దొర మొక్కల మీదా పురుగుల మీదా పుస్తకం వేద్దామనుకుని మనవాడెవడినో కూర్చోబెట్టి వేయించాడు. ప్రతి బొమ్మ కిందా ఇంగ్లీషులో పెన్సిలు రాత, దొర పొడి సంతకం. వేసినవాడి పేరు ఎక్కడా లేదు. ఆకు అడుగున ఉండే నూగు కూడా వేశాడు మహానుభావుడు. ఒక్క వెంట్రుక ఉన్న కుంచెతో తప్ప ఆ గీతలు రావు. పురుగు తిన్న అంచు ఎండి గోధుమరంగుకు తిరగటం, తినని అంచు పచ్చగా ఉండటం, అన్నీ ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా నేను వేస్తున్న పురుగులు దీని ముందు పిల్లలాడుకునే రబ్బరు బొమ్మల్లా అనిపించాయి.

నిజం చెప్పొద్దూ, మొదట దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత కొంచెం కడుపు మండింది. ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనని వెతికాను.

ఆ కాలంలో మా ఆఫీసు సారు చానా శుభ్రం మనిషి. టేబుల్ మీద పెన్ను వంకరగా ఉన్నా సర్దేవాడు. ఏ పని చెప్పినా చివర "నీట్‌గా ఉండాలయ్యా" అనేవాడు. బొమ్మలు చూసి మురిసిపోయాడు. క్రోసూరు మార్కెట్ యార్డులో రైతు ప్రదర్శన పెడుతున్నాం, వీటిలో ఒకదాన్ని చూసి కొత్త చార్టు వెయ్యమన్నాడు. పాత బొమ్మనూ అద్దంలో పెట్టి చార్టు పక్కన నిలబెట్టాలన్నాడు. పాత బొమ్మల మీద పరిశోధన చేసే ఒక మేడం ఉన్నారనీ, ఆమెకు ఉత్తరం రాశాననీ, ఆ రోజుకు వస్తుందనీ కూడా చెప్పాడు.

"ఏ బొమ్మ వెయ్యమంటారు సార్?"

"నువ్వు మొక్కది వెయ్యి. ఇప్పుడు చేలల్లో ఉన్నదదేగా. కాకపోతే మచ్చలున్నాయి చూడు. నీట్‌గా చెయ్యాలయ్యా."

ఆ నువ్వు బొమ్మ నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. నిటారుగా మొక్క, గంటల్లా వేలాడే లేత గులాబీ పూలు. కవులు ఆడవాళ్ల ముక్కును ఈ పువ్వుతో ఎందుకు పోలుస్తారో ఆ బొమ్మ చూశాకే నాకు తెలిసింది. కొమ్మను కరుచుకుని వేలంత లావు ఆకుపచ్చ పురుగు, పక్కల ఏటవాలు పసుపు చారలు, తోక మీద వంకర కొమ్ము. దాని వీపు మీద తెల్లటి చుక్కలు, నూకల్లాగా, కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా. ఆ పైన ఒక మూల నల్లటి చుక్క.

తెల్లవి బూజనుకున్నాను. నల్లది ఈగ రెట్ట అనుకున్నాను. పాత కాగితాల మీద ఈ రెండూ మామూలే. పురుగుల సంగతి తెలిసిన సారుంటే ఒక్క మాటలో చెప్పేవాడు, కానీ ఆ పోస్టు ఏడాదిగా ఖాళీ. అడగటానికి మనిషి లేడు. ఉన్నా నేను అడిగేవాణ్ణి కాదేమో. బూజు గురించి ఎవర్నన్నా అడుగుతామా?

మీకైతే ఫోన్లో వేలితో రుద్దితే మచ్చ పోతుంది, వద్దనుకుంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. నాకు నా డ్రాయింగు మాస్టారు నేర్పిన విద్య ఒకటే ఉంది, బ్రెడ్డు ముక్క. టీ బంకులో రెండు ముక్కలు తెచ్చి, మెత్తగా పిసికి, నల్ల చుక్క మీద అద్దాను. పోలేదు. దూది తడిపి అద్దాను. కొంచెం కదిలింది. భూతద్దం పెట్టి చూస్తే చుక్కకు కాళ్లున్నట్టు కనిపించింది. ఈగ రెట్టకు కాళ్లుంటాయా అని ఒక్క క్షణం అనుకున్నాను. అనుకుని, తుడిచేశాను.

తర్వాత తెల్లవి. బ్లేడు మొనతో మెల్లగా గీరితే ఒకటి టప్పున ఊడింది. రెండోది ఊడింది. మూడోదానికి కింద ఆకుపచ్చ రంగు కూడా పొట్టులా లేచింది. అప్పుడు భయమేసి బ్లేడు కింద పెట్టాను. మిగిలినవాటిని అట్టాగే వదిలేసి, నా చార్టులో మాత్రం పురుగును నున్నగా, నిగనిగలాడేట్టు, ఒక్క చుక్క లేకుండా వేశాను. సారు చూసి "ఇదీ నీటంటే" అన్నాడు. ఆ సాయంత్రం నేను ఇంటికి మిఠాయి కూడా పట్టుకెళ్లాను.

చార్టు కింద ఒక వాక్యం కావాల్సి వచ్చింది. పాత కరపత్రం ఏదో చూసి "ఈ పురుగు కనిపించిన వెంటనే మందు పిచికారీ చేయండి" అని పెట్టాం. రెండు కట్టలు అచ్చయ్యి వచ్చాయి.

ప్రదర్శన రోజు పొద్దున్నే జీపులో కట్టలూ, దుప్పట్లో చుట్టిన అద్దం పటమూ పెట్టుకుని క్రోసూరు వెళ్లాం. స్టోర్ కీపరు కూడా వచ్చాడు. పటం ఇంకా రిజిస్టరెక్కలేదు కాబట్టి అది పోతే బాధ్యత ఎవరిదని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. మా స్టాలు విత్తనాల పొట్లాలు ఉచితంగా ఇచ్చే స్టాలు పక్కన పడింది. దాంతో జనం బాగానే వచ్చారు. పొట్లం తీసుకుని, మొహమాటానికి మా చార్టు కూడా తీసుకుని వెళుతున్నారు. పాత బొమ్మల మేడం బస్సు దిగి వచ్చింది. సన్నగా, తెల్లజుట్టుతో, మెళ్లో తాడుకు కట్టుకున్న భూతద్దంతో ఉంది. సారు ఆమెకు కొబ్బరిబోండం ఇప్పించి, పటం దగ్గరకు తీసుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దావిడ నా చార్టును రెండు చేతులా పట్టుకుని, ఒకసారి దాన్నీ, ఒకసారి అద్దంలో పటాన్నీ చూస్తా నిలబడింది. దగ్గర్లోని పల్లె నించి వచ్చింది, ఆవిడకు నువ్వు చేనుందనీ, ఒక్కతే చేయించుకుంటుందనీ తర్వాత తెలిసింది.

"ఏంది నాయనా, ఈ పురుగుకు బియ్యం లేవే?" అంది.

"బియ్యమేంది పెద్దమ్మా?"

"ఆ పటంలో పురుగుకున్నయ్ గదా వీపు మీద. నువ్విచ్చినదాంట్లో లేవు. అది చచ్చే పురుగు, ఇది తినే పురుగు. రెండూ ఒకటేనని ఎట్టా పెట్టినవ్?"

"అది బూజు పెద్దమ్మా. పాత కాగితం గదా."

"బూజు వరసలో కూర్చుంటదా? మరి నా చేలో పురుగుల మీద కూడా ఉన్నయ్, అవీ కాగితం పురుగులేనా? రా, పోదాం, చూపిస్తా."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వుతూనే పటంలో చుక్కల వరస మళ్లీ చూశాను. మేడం కొబ్బరిబోండం బల్ల మీద పెట్టి, "అవేంటో చెప్పమ్మా" అని ఆవిడనడిగింది.

"సన్న ఈగ ఒకటుంటది తల్లీ. అది పురుగును పొడిచి గుడ్లు పెట్టిద్ది. పిల్లలు లోపల్లోపల తిని, తోలు చీల్చుకుని వీపు మీదకొచ్చి తెల్లగా గూళ్లు కట్టుకుంటయ్. ఆపాటికల్లా పురుగు పనైపోయినట్టే, ఆకు ముట్టదు. మా అత్త ఆ బియ్యం మోసే పురుగును చిదమనిచ్చేది కాదు. అది చస్తా చస్తా పదిమందికి పెడతంది, ఉండనియ్యే అనేది. ఆ ఈగలే మళ్లీ ఇంకో పురుగును చూసుకుంటయ్ గదా."

అప్పుడు చార్టు కింద ఏముందో చదివి చెప్పమని నన్నే అడిగింది. చదివాను. "మందు కొడితే ఈగ కూడా చచ్చిద్ది గదా నాయనా" అంది.

మేడం భూతద్దం పెట్టి పటం మీదకు వంగింది. చానాసేపు వంగే ఉంది. "ఈ మూల కాగితం కొంచెం తెల్లగా ఉందేంటండీ? ఇక్కడేదో ఉండేదా?"

సారు గర్వంగా ముందుకొచ్చాడు. "క్లీన్ చేయించామండీ. మా ఆర్టిస్టే చేశాడు. మీరు రాకముందు మచ్చలుండేవి."

ఆ క్షణంలో నాకు రెండు దారులున్నాయి. "పెట్టెలోంచి తీసేసరికే అట్టా ఉందండీ" అనొచ్చు. వందేళ్ల నాటి పటం, ఎవడు చూడొచ్చాడు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పెద్దావిడ చార్టు ఇంకా పట్టుకునే ఉంది, నా మొహంకేసే చూస్తోంది.

"ఒక నల్ల చుక్క ఉండేదండి" అన్నాను. "దానికి కాళ్లున్నాయి. చూశాను. చూసి కూడా తుడిచాను. తెల్లవి మూడు బ్లేడుతో గీకాను."

మేడం నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పటం వెనక మేకులు తీయమంది. స్టోర్ కీపరు "రిజిస్టరు..." అంటూనే తీశాడు. అట్ట నించి కాగితాన్ని రెండు వేళ్లతో మెల్లగా విడదీసి, వెనక్కి తిప్పింది. ముందువైపే అంత అందంగా ఉంటే వెనకేముందో చూడాలని నాకు ఏనాడూ తోచలేదు. అక్కడ పెన్సిలుతో, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. ఆమె పైకి చదివింది.

"దొరవారు ఈ మచ్చలు తీసివేయుమనిరి. ఇవి పురుగు మీదనే యున్నవి. నేను తీయలేదు. గూళ్లు పండ్రెండు. ఈగ ఒకటి."

ట్రాక్టర్ల స్టాలు మైకులో వాళ్ల ప్రకటన పాట వస్తోంది. జీతమిచ్చే దొర తీసెయ్యమన్నా ఆ పేరులేని మనిషి తియ్యలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉండే ఉంటుంది, అందుకే ముందు పక్క చెప్పలేక వెనక పక్క రాసుకున్నాడు. నేను ఆయన మాట వినకుండానే, టీ బంకు బ్రెడ్డుతో దొర పని పూర్తిచేశాను.

"గూళ్లు తొమ్మిదున్నయ్" అంది పెద్దావిడ వేలితో లెక్కపెట్టి. ఆమెకు చదువు రాదు, కానీ లెక్క వచ్చు.

సారు మొహం ఎర్రబడింది. నన్ను అక్కడే కడిగేస్తాడనుకున్నాను. ఆయన నేరుగా మైకు దగ్గరకు నడిచాడు. ట్రాక్టరు పాట ఆపించి, "నువ్వు పురుగు చార్టు తీసుకున్న రైతులు దయచేసి మా స్టాలు దగ్గరకు రావాలి. దాంట్లో తప్పుంది. తప్పు మాదే" అన్నాడు. ఒక ఆఫీసరు మైకులో ఆ మాటనటం నా సర్వీసులో మళ్లీ వినలేదు. వచ్చినవాళ్లలో సగం మంది ఇంకేదో ఉచితంగా ఇస్తున్నారనుకుని వచ్చారు.

కట్టలు వెనక్కి తీసుకుపోదామని నేనన్నాను. సారు వద్దన్నాడు. "మళ్లీ అచ్చయ్యేసరికి నువ్వు కోతలైపోతాయి. ఇక్కడే దిద్దలేవా?"

"తెల్లరంగు తేలేదు సార్."

స్టోర్ కీపరు చొక్కా జేబులోంచి వైట్‌నర్ సీసా తీశాడు. ఆయన జేబులో పెన్ను లేకపోయినా అది ఉంటుంది. "ఇది తప్పులు చెరపటానికి ఇష్యూ చేసింది" అన్నాడు నాకిస్తూ. "చెరిపినవి పెట్టటానికి కాదు. సరే, కానీ."

ఆ మధ్యాహ్నమంతా బల్ల దగ్గర కూర్చుని చార్టు చార్టుకూ పన్నెండు చుక్కలు పెట్టాను. మొదటి పది చార్టులకు పెద్దావిడ మేస్త్రీలా నిలబడింది. "అంత లావు కాదు. ఇట్టా పక్కపక్కనే ఆనుకుని ఉంటయ్. తోక దగ్గరకు పోనియ్యబాక." కింద వాక్యాన్ని స్టోర్ కీపరు వైట్‌నర్‌తో కొట్టేస్తుంటే, దాని మీద పెద్దావిడ చెప్పినట్టే రాశాను: "వీపు మీద బియ్యం ఉన్న పురుగును ముట్టుకోవద్దు." మేడం కూడా కుర్చీ లాక్కుని ఈగను వేసింది. ఆమెకు బొమ్మలు రావు. కొన్ని చార్టుల మీద ఈగ కాకిలా వచ్చింది. సీసా అయిపోతే బజార్లో రెండు కొనుక్కొచ్చాం. జీవితంలో నా బొమ్మల కోసం రైతులు వరసలో నిలబడింది ఆ ఒక్కరోజే.

సాయంత్రం మేడంను పక్కకు పిలిచి అడిగాను. "నా చెయ్యి సన్నగానే తిరుగుతుందండి. ఆ మూడూ, ఆ ఈగా మళ్లీ పటం మీద వేసేస్తాను. తేడా తెలీదు."

"అందుకే వద్దు" అంది. "తేడా తెలియాలి. అది ఆయన బొమ్మ. మీరేం చేశారో వేరే కాగితం మీద రాసి దాంతో పెట్టండి. రేపు చూసేవాళ్లు మూడు గూళ్లు ఆయన వెయ్యలేదనుకోకూడదు గదా."

బస్సుకు ఇంకా టైముంది. బల్ల మీదే రాశాను. ఆఫీసు భాషలో 'తొలగించబడినవి' అని మొదలుపెట్టి, కొట్టేసి, 'నేను తీసేశాను' అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత వారంలో స్టోర్ కీపరు నలభై బొమ్మల్నీ, నా కాగితాన్నీ ఒక్కొక్కటిగా రిజిస్టరెక్కించాడు. నా తప్పుకు కూడా వరస నంబరు ఇచ్చాడు.

నేను మాత్రం ఆగలేకపోయాను. ఆ ఆదివారమే పెద్దావిడ చేనుకు వెళ్లాను. ఆమె గట్టు మీద నించి "ఆకు కింద చూడు, పైన కాదు" అని అరుస్తుంటే, బోర్లా పడుకుని వెతికాను. బియ్యం మోసే పురుగు దొరికింది. కొమ్మతో సహా తుంచుకొచ్చి, మావిడికాయ పచ్చడి సీసా కడిగి దాంట్లో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ఆఫీసులో నా బల్ల మీద ఉంచాను. రోజూ చూసి వేసేవాణ్ణి. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ప్రాణమున్న పురుగును ఎదురుగా పెట్టుకుని బొమ్మ వెయ్యటం అదే మొదలు. అప్పటిదాకా వేసినవన్నీ వేరేవాళ్ల బొమ్మలు చూసి వేసినవే. సిగ్గుగానే ఉంది చెప్పటానికి.

నాలుగైదు రోజులకు ఒక పొద్దున సీసా చూస్తే గూళ్లకు చిన్న మూతలు తెరిచి ఉన్నాయి. గుడ్డ వదులైనట్టుంది. కారంపొడి నలకల్లాంటి నల్లటి ఈగలు బల్ల మీదా కిటికీ మీదా తిరుగుతున్నాయి. పట్టుకుందామని లేచేలోపే నాలుగు సారు గదిలోకి వెళ్లాయి. నేను వెనకాలే పరిగెత్తాను.

సారు సంతకాలు పెడుతున్నాడు. ఒక ఈగ వెళ్లి తెల్లటి ఫైలు మీద, సరిగ్గా సంతకం పెట్టాల్సిన చోట వాలింది. ఆయన అలవాటు కొద్దీ దాన్ని తుడవటానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అట్టాగే ఆగింది. కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. ఈగ రెండు మీసాలూ ఊపుతూ నడిచి, కాగితం అంచు దాకా వెళ్లి నిలబడింది.

"ఇదేనటయ్యా, మనం తుడిచేసింది?" అన్నాడు.

తుడిచింది నేను. ఆయన 'మనం' అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే లేచి, ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, ఈగ ఎగిరిపోకుండా మెల్లగా అడుగులేస్తూ కిటికీ దాకా నడిచాడు.